మడుగుల్లో నీళ్లున్నా పారని ఏరు

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మాస్టారూ, బిస్మత్‌ని చల్లని గాజు మీద కొంచెం మందంగా పూస్తే అతివాహకం అవుతుందట. అదే బిస్మత్‌ని బాగా పలచగా పూస్తే, ఎంత చల్లబరిస్తే అంత గట్టి బంధకం అవుతుందట. లోహం అదే, మందం ఒక్కటే మారింది. ఇదెలా? పైగా ఇది పరమశూన్యం, అంటే సున్నా కెల్విన్, దగ్గర జరిగే ప్రావస్థా పరివర్తన అంటున్నారు. వేడే లేనిచోట ఏది కరుగుతుంది? 6.45 కిలోఓమ్‌లు అనే అంకె ఎక్కడ చదివినా ఎందుకు కనిపిస్తుంది? ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు కాబట్టి నా భాష కలగాపులగంగా ఉంటే క్షమించండి. చివరిగా, ద్రవ హీలియం లేని కాలేజీలో ఇది ప్రాజెక్టుగా పనికొస్తుందా?"

అమ్మా, ముందు భాష సంగతి. నువ్వున్న ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేశారు. వాడుక తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊరి నుంచి వచ్చిన ప్రశ్నకు క్షమాపణ అక్కర్లేదు. నేనూ అక్కడే పుట్టి బరంపురంలో చదువుకున్నాను. పలచని లోహపు పొరల నిరోధం కొలుస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. నాకు తెలిసినంతవరకు నీకు వివరంగా చెబుతాను.

నిజానికి ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో 'ఫేజ్' అనే ఒక్క మాటతో రెండు పనులు చేయిస్తారు. మన పాఠ్యపుస్తకాల్లో వాటికి రెండు మాటలున్నాయి. మంచు, నీరు, ఆవిరి లాంటివి ప్రావస్థలు. ఒక అల తన ఊగులో ఎంతవరకు వచ్చిందో చెప్పేది దశ. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకుంటే నీ చిక్కు సగం విడిపోతుంది. ఎందుకంటే ఈ పొరల్లో ప్రావస్థ మారడానికి కారణం దశ చెదిరిపోవడమే.

1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కి చల్లబరిస్తే దాని నిరోధం మాయమైంది. అదే అతివాహకత. ఎందుకలా అన్నది తేలడానికి 1957 దాకా పట్టింది. బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిన ప్రకారం రెండు పనులు జరగాలి. ఎలక్ట్రాన్లు రెండేసి జతకట్టి కూపర్ జంటలు కావాలి. ఆ జంటలన్నీ ఒకే దశలో ఊగాలి. మందపాటి సీసపు ముక్కలో ఈ రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరిగిపోతాయి. జంట కట్టడం వేరు, దశ కలవడం వేరు అన్న ఆలోచన కూడా మనకు రాదు. పలచని గజిబిజి పొరల్లో మాత్రం ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. నేను ఇన్నేళ్లు ఈ పొరలను వదలకపోవడానికి కారణం అదే.

గజిబిజి అంటే పరమాణువులు (వాడుకలో అణువులు అనే అంటాను) వరుసలో లేకపోవడం. దీనిమీద ఫిలిప్ ఆండర్సన్ చెప్పిన రెండు మాటలు పైకి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. 1958లో ఆయన, గజిబిజి ఎక్కువైతే ఎలక్ట్రాన్ తన అల వ్యాపించలేక ఒకచోటే కట్టుబడిపోతుందని చూపించాడు. మరుసటి ఏడాదే, అయస్కాంత గుణం లేని మలినాలు ఎన్ని ఉన్నా అతివాహకతకు పెద్దగా నష్టం లేదని చూపించాడు. అటూ ఇటూ తగిలి చెల్లాచెదురయ్యే ఎలక్ట్రాన్ కూడా తనకు తగిన జోడీని వెతుక్కోగలదు. 1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచ్చియార్డెల్లో, మన టి.వి. రామకృష్ణన్ కలిసి ఇంకో పెద్ద మాట చెప్పారు: రెండు కొలతల (పొడవు, వెడల్పు మాత్రమే లెక్కలోకి వచ్చే) పొరలో, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను పక్కన పెడితే, గజిబిజి ఎంత తక్కువగా ఉన్నా చివరికి ఎలక్ట్రాన్లన్నీ కట్టుబడిపోతాయి. అంటే పరమశూన్యం దగ్గర పలచని పొరకు మామూలు లోహంగా ఉండే వీలు లేదు. మిగిలేవి రెండే, అతివాహకం లేదా బంధకం. ఒక వైపు సున్నా నిరోధం, ఇంకో వైపు అనంత నిరోధం, మధ్యలో నిలబడే చోటు లేదు. నీ ప్రశ్నలోని 'ఇదెలా'కి మూలం ఇక్కడుంది.

పొరల నిరోధాన్ని 'చదరానికి ఇన్ని ఓమ్‌లు' అని చెబుతాం. ఈ మాట దగ్గర విద్యార్థులు ఏటా తడబడతారు, కాబట్టి ఒక్క నిమిషం. బరంపురం పట్టు నేసే మగ్గం మీద పడుగు చూశావా? ప్రతి పోగు గుండా కరెంటు పోతోందనుకో. పడుగు పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది. పోగుల సంఖ్య, అంటే వెడల్పు, రెట్టింపైతే పక్కపక్కన దారులు పెరిగి నిరోధం సగమవుతుంది. పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపు చేస్తే? నిరోధం మారదు. కాబట్టి రుమాలంత చదరమైనా దుప్పటంత చదరమైనా ఒకటే అంకె. మూడు కొలతల దిమ్మెకు ఇది కుదరదు, పొరకే కుదురుతుంది. అందుకే 6.45 కిలోఓమ్‌లు అన్నప్పుడు పొర సైజెంత అని ఎవరూ అడగరు.

ఇక బిస్మత్ దగ్గరికి వద్దాం. మామూలు స్ఫటిక బిస్మత్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు మరీ తక్కువ, దాదాపు లక్ష అణువులకు ఒకటి. అది అతివాహకం అవుతుందో లేదో చాలాకాలం తెలియలేదు. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్. రామకృష్ణన్ బృందం 2016లో తేల్చింది: 0.53 మిల్లీకెల్విన్ దగ్గర అవుతుంది. అంటే కెల్విన్‌లో రెండు వేల వంతు. అదే బిస్మత్ ఆవిరిని హీలియంతో చల్లబరిచిన పలక మీదకు దించితే, అణువులు పడినచోటే గడ్డకట్టి వరుస తప్పిన పొర ఏర్పడుతుంది. ఆ పొర సుమారు 6 కెల్విన్ దగ్గరే అతివాహకం అవుతుంది. దీన్ని 1954లోనే బకెల్, హిల్ష్ చూపించారు. గజిబిజి ఇక్కడ అతివాహకతను పదివేల రెట్లు పెంచింది. కాబట్టి గజిబిజి ఎప్పుడూ శత్రువే అన్న అభిప్రాయం పెట్టుకోకు.

చల్లని పలక మీద పొరలు వేసే పద్ధతి 1938లో షాల్నికోవ్ నాటిది. 1970లో బ్రూక్‌హేవెన్‌లో స్ట్రాంగిన్ బృందం ఒక అణువు మందానికి దగ్గరగా వెళ్లి అతివాహకత నాశనం కావడం చూసింది. అందరికీ గుర్తుండిపోయిన గ్రాఫు మాత్రం 1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హావిలండ్, లియూ, గోల్డ్‌మన్ వేసింది. బిస్మత్ మందాన్ని 4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు) చిల్లర నుంచి 74 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా మెట్టు మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టులోనూ నిరోధం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో గీశారు. పైనున్న గీతలు చల్లబడేకొద్దీ పైకి లేస్తాయి. కింద ఉన్నవి నిటారుగా సున్నాకు పడిపోతాయి. మధ్యలో గీతల గుంపు రెండుగా చీలిపోతుంది. ఆ చీలిక చోటు 6.45 కిలోఓమ్‌లకు దగ్గరగా ఉంది.

ఇలాంటి ప్రయోగం బల్ల మీద ఎలా ఉంటుందో చెబుతాను. పుస్తకాల్లో ఇది రాయరు. గోటికంటే కొంచెం పెద్ద గాజు ముక్క తీసుకుంటాం. దాని మీద ముందే దించిన నాలుగు బంగారు పట్టీలు ఉంటాయి. బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజి చూస్తాం. గాజు మీద ముందు కొద్ది ఆంగ్‌స్ట్రామ్‌ల జెర్మేనియం వేస్తాం. అది లేకపోతే బిస్మత్ అరటాకు మీద నీటి బొట్లలా ముద్దలు ముద్దలుగా చేరిపోతుంది. జెర్మేనియం ఉంటే తడి గోడ మీద సున్నంలా సమంగా పరుచుకుంటుంది. కింద చిన్న దోనెలో బిస్మత్ కరిగి ఆవిరవుతుంటే, అడ్డుగా ఉన్న రేకును రెండు మూడు సెకన్లు తెరిచి మూసేస్తాం. పక్కనే ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం మీద కూడా అంతే ఆవిరి పడి, ఆ బరువుకు దాని కంపనం కొంచెం నెమ్మదిస్తుంది. ఆ తేడాయే మనకు తూకం. ఒకసారి మొదలుపెట్టాక పొర వెచ్చబడకూడదు. వెచ్చబడితే అణువులు కదిలి వరుసకట్టేస్తాయి, ఇక ఆ పొర పనికిరాదు. అందుకే హీలియం ఉన్నంతసేపూ అదే పొర మీద మందం పెంచుకుంటూ, కొలుచుకుంటూ, వంతులవారీగా నిద్రపోతూ రెండు మూడు రోజులు గడుపుతాం.

ఒక తెల్లవారుజామున ఒక మందం దగ్గర గీత సాపుగా ఉండిపోయింది. చల్లబరుస్తున్నాం, పైకి లేవదు, కిందకి దిగదు. రేకు తెరిచి ఇంకో అర ఆంగ్‌స్ట్రామ్ వేశాం. బిస్మత్ అణువు మందం సుమారు మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే ఉన్న పొర మీద ఆరు చోట్లలో ఒక్క చోట కొత్త అణువు కూర్చుందన్నమాట. అంతే. మళ్లీ చల్లబరిస్తే గీత కిందికి వంగింది. ఆ అర ఆంగ్‌స్ట్రామ్‌కి అటు ఒక లోకం, ఇటు ఒక లోకం. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పలచని వైపున ఏమైంది? జంటలు విడిపోయాయా?

మే నెలలో మీ ఊరి పక్క మహేంద్రతనయ చూసే ఉంటావు. నీళ్లు తగ్గేకొద్దీ ఏరు మడుగులు మడుగులుగా తెగిపోతుంది. ప్రతి మడుగులోనూ నీళ్లుంటాయి, చేపలుంటాయి, గేదెలు దిగుతాయి. ఏరు మాత్రం పారదు. ఒడ్డున నిలబడి 'పారడం లేదు కాబట్టి నీళ్లు లేవు' అంటే ఎంత తప్పో, 'నిరోధం పెరిగింది కాబట్టి జంటలు లేవు' అనడం కూడా అంతే తప్పు కావచ్చు. గజిబిజి పొరలో జంటలు అక్కడక్కడ మడుగుల్లా చేరి ఉంటాయి. పొర అంతా ఒకే తీరున వేసినా, మనం తవ్వకపోయినా, ఆ మడుగులు వాటంతటవే ఏర్పడతాయని అమిత్ ఘోషల్, మోహిత్ రందేరియా, నందినీ త్రివేదీ 1998లో లెక్క కట్టి చూపించారు. ఈ రంగంలో మనదేశం నుంచి వచ్చిన గొప్ప పనుల్లో అదొకటని నా అభిప్రాయం.

ఏటి పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ఏట్లో ఇసుక ఎండిపోవడం వల్ల నీళ్లు ఆగిపోతాయి. పొరలో మడుగుకీ మడుగుకీ మధ్య ఉన్న అడ్డును జంటలు టన్నెలింగ్ చేసి, అంటే అడ్డు ఎక్కకుండానే దాని గుండా జారి, దాటగలవు. దాటగలిగినా ఎందుకు దాటవు అన్నదే ప్రశ్న. ఒక చిన్న మడుగులోకి అదనంగా ఒక జంట వచ్చిందంటే రెండు ఎలక్ట్రాన్ల ఆవేశం వచ్చిపడినట్టే. మడుగు ఎంత చిన్నదైతే దానికి అంత శక్తి ఖర్చవుతుంది. అవతలి వైపున, జంటలు అటూ ఇటూ తిరుగుతూ దశలు కలుపుకుంటే కొంత శక్తి ఆదా అవుతుంది. ఈ ఖర్చుకీ ఆ ఆదాకీ మధ్య పోటీ ఉంటుంది.

దీని వెనకున్నది అనిశ్చితత్వ నియమం. ఎలక్ట్రాన్ స్థానమూ వేగమూ ఒకేసారి తేలవని బీఎస్సీలో చదివావు కదా. ఇక్కడ ఆ జోడీ వేరు. మడుగులో జంటలెన్నో కచ్చితంగా తేలితే దాని దశ తేలదు. దశ తేలాలంటే లెక్క అటూ ఇటూ కదలాడాలి. ఆదా గెలిస్తే లెక్క వదులై దశలు కలుస్తాయి, అది అతివాహకం. ఖర్చు గెలిస్తే ప్రతి మడుగూ తన లెక్కను బిగపట్టి కూర్చుంటుంది, దశలు చెల్లాచెదురవుతాయి. అది బంధకం, జంటలు లోపలే ఉన్న బంధకం.

వేడే లేనిచోట ఏది కరుగుతుందని అడిగావు. మంచును కరిగించేది వేడి వల్ల వచ్చే ఊగిసలాట. పరమశూన్యం దగ్గర అది ఆగిపోతుంది, కానీ అనిశ్చితత్వం వల్ల వచ్చే ఊగిసలాట ఆగదు. దానికి వేడితో పనిలేదు. ఇక్కడ తిప్పే మర ఉష్ణోగ్రత కాదు. మందం, అయస్కాంత క్షేత్రం, పొర కింద పెట్టిన పలకకు ఇచ్చే వోల్టేజి, వీటిలో ఏదో ఒకటి తిప్పుతాం. ఒక విలువ దాటగానే పొరకు అతి తక్కువ శక్తి ఉండే స్థితే మారిపోతుంది. అదే క్వాంటమ్ ప్రావస్థా పరివర్తన.

పరమశూన్యం ఎవరికీ అందదు కదా, మరి ఇది కొలతల్లో ఎలా కనిపిస్తుంది అంటావు. ప్రతి ఉష్ణోగ్రతకూ ఒక కాలం ఉంటుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు పైతో భాగించి, దాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే ఆ కాలం వస్తుంది. 1 కెల్విన్ దగ్గర అది సుమారు 7.6 పికోసెకన్లు. అంతకంటే వేగంగా జరిగే క్వాంటమ్ ఊగిసలాటకు ఉష్ణోగ్రత అడ్డురాదు. చల్లబరిచేకొద్దీ ఆ కాలం సాగుతుంది. 0.1 కెల్విన్ దగ్గర పదిరెట్లు. అంటే చల్లబరచడమంటే కాలం దిశలో పొడవైన నమూనా తీసుకోవడం లాంటిది. రెండు కొలతల పొర, కాలంతో కలిసి, మూడు కొలతల సమస్యలా ప్రవర్తిస్తుంది. ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో, చివర్లో ప్రాజెక్టుకి పనికొస్తుంది.

6.45 కిలోఓమ్‌లు ఎక్కడిదో చూద్దాం. జంటలతో పాటు పొరలో సుడులు కూడా ఉంటాయి. సుడి చుట్టూ ఒకసారి తిరిగొస్తే దశ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. పొరను అడ్డంగా ఒక సుడి దాటిన ప్రతిసారీ రెండు కొసల మధ్య దశ ఒక చుట్టు జారి, వోల్టేజి పుడుతుంది. సెకనుకు దాటే సుడుల సంఖ్యను ప్లాంక్ స్థిరాంకంతో గుణించి, ఎలక్ట్రాన్ ఆవేశానికి రెట్టింపుతో భాగిస్తే ఆ వోల్టేజి. సెకనుకు దాటే జంటల సంఖ్యను ఎలక్ట్రాన్ ఆవేశానికి రెట్టింపుతో గుణిస్తే కరెంటు. అతివాహకంలో జంటలు పారతాయి, సుడులు కట్టుబడి ఉంటాయి. బంధకంలో సుడులు పారతాయి, జంటలు కట్టుబడి ఉంటాయి. సరిగ్గా మధ్యలో రెండూ సమానంగా కదిలితే, అంటే ఒక జంటకు ఒక సుడి చొప్పున దాటితే, వోల్టేజిని కరెంటుతో భాగించినప్పుడు మిగిలేది ప్లాంక్ స్థిరాంకం భాగించు ఎలక్ట్రాన్ ఆవేశ వర్గానికి నాలుగు రెట్లు. లెక్క వేసి చూడు, 6453 ఓమ్‌లు వస్తుంది. లోహం పేరు, మందం, ఉష్ణోగ్రత, ఏవీ అందులో లేవు.

జంటల్ని, సుడుల్ని ఇలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా చూసే సిద్ధాంతాన్ని మాథ్యూ ఫిషర్ 1990లో ఇచ్చాడు. గ్రిన్‌స్టైన్, గిర్విన్‌లతో కలిసి ఆ మధ్య బిందువు దగ్గర నిరోధం అన్ని పొరలకూ ఒకటే కావాలని వాదించాడు. కానీ జాగ్రత్తగా విను: అన్నిటికీ ఒకటే కావాలంది సిద్ధాంతం, అది కచ్చితంగా 6453 కావాలనలేదు. ఒకటికి ఒకటి అన్న నిష్పత్తి మన సౌకర్యం కోసం వేసుకున్నది. కొలతల్లో ఏమైంది? బిస్మత్‌లో దగ్గరగా వచ్చింది. 2011లో లాంథనం, స్ట్రాన్షియం కలిసిన రాగి ఆక్సైడ్ పొరల్లో బాగా దగ్గరగా వచ్చింది. యజ్దానీ, కపిటుల్నిక్ 1995లో మాలిబ్డినం జెర్మేనియం పొరల్లో చూస్తే ఒక్కో పొరకు ఒక్కో అంకె వచ్చింది. చాలామంది విద్యార్థులు తమ గీతలు 6.45 దగ్గర చీలలేదని బాధపడి, కొలత తప్పేమోనని టెన్షన్ పడతారు. అక్కర్లేదు. నీ పొర ఏ అంకె చెబితే అది రాయి.

దీంతోపాటు ఇంకో హెచ్చరిక. నిరోధాన్ని మందానికో క్షేత్రానికో ఎదురుగా వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర గీస్తే గీతలన్నీ ఒక బిందువు దగ్గర ఖండించుకుంటాయి. అక్కడినుంచి దూరాన్ని ఉష్ణోగ్రత తాలూకు తగిన ఘాతంతో భాగిస్తే అన్నీ ఒకే గీత మీదకు వచ్చి కూర్చుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ ఘాతాంకం విలువ ఒకరికి 1.3 దగ్గర, ఇంకొకరికి 0.7 దగ్గర వచ్చింది. ఉష్ణోగ్రత పది రెట్లు కూడా మారని చోట గీతలు కలిసిపోవడం పెద్ద రుజువు కాదని నా అనుభవం. కనీసం కెల్విన్‌లో ఇరవయ్యో వంతు దాకా దిగి చూడనిదే నేను నమ్మను.

మరి బంధకం లోపల నిజంగా జంటలున్నాయని ఎలా తెలిసింది? 1990లో బెల్ ల్యాబ్స్‌లో హెబర్డ్, పాలానెన్ ఇండియం ఆక్సైడ్ పొరకు అయస్కాంత క్షేత్రం పెట్టి అతివాహకాన్ని బంధకంగా మార్చారు. తర్వాత 2004లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో సంబంధమూర్తి, షహార్, మరికొందరు అలాంటి పొరల్లోనే క్షేత్రం ఇంకా పెంచుకుంటూ వెళ్తే నిరోధం గిగాఓమ్‌ల దాకా లేచింది. అంతకుమించి పెంచితే మళ్లీ దిగిపోయింది. జంటలు ముందే విడిపోయి ఉంటే ఆ శిఖరం ఎందుకు వస్తుంది, దిగడం దేనికి? ఒంటరి ఎలక్ట్రాన్ల కంటే కట్టుబడిన జంటలే దారిని గట్టిగా మూస్తున్నాయి. చివర్లో క్షేత్రం వాటిని విడగొట్టాక కరెంటుకు కొంచెం దారి దొరికింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది 2007లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో వాలెస్ బృందం చేసిన పని. తేనెతుట్టెలా రంధ్రాలున్న పలక మీద బిస్మత్ వేశారు. పొర బంధకం. అయినా అయస్కాంత క్షేత్రం పెంచుతుంటే దాని నిరోధం అలలు అలలుగా పైకీ కిందకీ ఊగింది. ఒక్కో రంధ్రపు గదికి ఎంత అభివాహం (గది గుండా పోయే మొత్తం అయస్కాంత క్షేత్రం) చేరితే ఒక ఊగు పూర్తవుతుందో లెక్కకడితే, అందులో భాజకంగా వచ్చిన ఆవేశం ఎలక్ట్రాన్‌ది కాదు, దానికి రెట్టింపు. కరెంటు మోయలేని పొరలో కదులుతున్నవి జంటలే. రంధ్రం చుట్టూ తిరిగిరాగలిగేంత దూరం వాటి దశ నిలిచే ఉంది. దూరానికి మాత్రం నిలవలేదు.

ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం నియోబియం నైట్రైడ్ పొరల్ని సూదిమొనతో తడిమి చూసింది. మంచి పొర 16 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది. గజిబిజి పెంచితే ఆ ఉష్ణోగ్రత పడిపోతుంది, కానీ జంట కట్టిన గుర్తుగా ఉండే శక్తి అంతరం మాత్రం అతివాహకత పోయిన తర్వాత కూడా కొన్ని కెల్విన్‌ల దాకా కనిపిస్తుంది. గ్రెనోబుల్‌లో సాసెపే బృందం ఇండియం ఆక్సైడ్‌లో ఇలాంటిదే చూసింది.

అన్ని పొరలూ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకు. రెండో దారి కూడా ఉంది. గజిబిజి వల్ల ఎలక్ట్రాన్లు నెమ్మదిగా కదిలి, ఒకదాని ఆవేశాన్ని ఇంకొకటి కప్పిపుచ్చలేక, వాటి మధ్య వికర్షణ పెరుగుతుంది. దాంతో జంట కట్టే బలమే తగ్గిపోతుంది. ఫింకెల్‌స్టైన్ 1987లో ఈ దారిని లెక్కకట్టాడు. మాలిబ్డినం జెర్మేనియం లాంటి పొరలకు అది బాగా సరిపోతుంది. అక్కడ ఏరు ఎండిపోతుంది, మడుగులు మిగలవు. నీ పొర ఏ దారిన పోతోందో నిరోధం ఒక్కటే చూసి చెప్పలేం.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి, నీకు పనికొస్తుంది. ఒక ఏడాది మా పొరల్లో ఒకటి 300 మిల్లీకెల్విన్ దాకా నిరోధం తగ్గుతూ వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఇంకా చల్లబరిచినా అదే అంకె. అతివాహకం కాదు, బంధకం కాదు, పరమశూన్యం దగ్గర ఉండకూడని లోహం! అలాంటి లోహం నిజంగానే ఉందా అన్న చర్చ అప్పటికే జోరుగా నడుస్తోంది. రెండు నెలలు కొలతలు తీసి, సగం వ్యాసం రాసేశాను. ఒక పెద్దాయన వచ్చి కాగితం చూసి, గది ఉష్ణోగ్రత నుంచి కింది దాకా దిగే తీగలకు ఫిల్టర్లు ఏవి అని అడిగారు. మేం పెట్టలేదు. ఊళ్లోని రేడియో, మొబైల్ సంకేతాలన్నీ ఆ తీగల వెంబడి దిగి పొరలోని ఎలక్ట్రాన్లను వెచ్చబెడుతున్నాయి. ఉష్ణమాపకం చల్లగా ఉంది, ఎలక్ట్రాన్లు చల్లగా లేవు. ఫిల్టర్లు బిగించి చూస్తే గీత ఆగకుండా సున్నాకు దిగింది. ఆ రెండు నెలలు మా అందరివీ పోయాయి, నాతో పనిచేసిన కుర్రాడి థీసిస్ కూడా ఆలస్యమైంది. ఇప్పటికీ అది తలచుకుంటే బాధే. 2019లో తామిర్, షహార్, మరికొందరు రెండు రకాల పొరల్లో ఇదే మాట శ్రద్ధగా నిరూపించారు. అన్నిచోట్లా ఆ లోహం అబద్ధమని అనలేం, కానీ ఫిల్టర్ల వివరం రాయని వ్యాసాన్ని నేను పక్కన పెడతాను.

ప్రాజెక్టు మాట. ద్రవ హీలియం లేకపోయినా ల్యాప్‌టాప్ ఉంటే చాలు. రెండు కొలతల పొర కాలంతో కలిసి మూడు కొలతల సమస్య అవుతుందన్నాను కదా. గజిబిజి లేని జంటల పొరకు అది మూడు కొలతల ఎక్స్‌వై నమూనాతో సమానం. ఘనాకార జాలకంలో ప్రతి బిందువు దగ్గరా ఒక గడియారపు ముల్లు ఉంటుంది, పక్క ముళ్లతో దిక్కు కలిస్తే శక్తి తగ్గుతుంది. ఆ ముల్లే దశ. యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కకట్టే మాంటీ కార్లో ప్రోగ్రాం పైథాన్‌లో నెమ్మదిగా నడుస్తుంది, సి భాషలో రాయి. 8, 12, 16 బిందువుల భుజాలున్న ఘనాలు తీసుకో. జాలకాన్ని ఒక చివర కొద్దిగా మెలితిప్పితే అది ఎంత బిగువు చూపిస్తుందో లెక్కకట్టి, ఆ బిగువును భుజం పొడవుతో గుణించి ఉష్ణోగ్రతకు ఎదురుగా గియ్యి. మూడు ఘనాల గీతలూ ఒకచోట ఖండించుకోవాలి. పక్క ముళ్ల మధ్య బలాన్ని ఒకటి అనుకుంటే ఆ చోటు 2.20 దగ్గర రావాలి. ఈ నమూనాలో ఉష్ణోగ్రత అంటే నిజమైన ఉష్ణోగ్రత కాదు, ఆవేశపు ఖర్చుకీ దశల ఆదాకీ ఉన్న నిష్పత్తి. ఈ సంగతి నీ రిపోర్టులో మొదటి పేజీలోనే రాయి, వైవాలో అక్కడే అడుగుతారు.

అది వచ్చాకే గజిబిజి పెట్టు. పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: పొరలో అణువు ఎక్కడ కూర్చుందో అక్కడే ఉంటుంది, కాలంతో మారదు. కాబట్టి యాదృచ్ఛిక బలాలను పొర తలంలో మాత్రమే మార్చి, కాలం దిశలో అన్ని అంతస్తుల్లోనూ అవే బలాలు పెట్టాలి. పందిరి గుంజల్లా కింది నుంచి పై దాకా ఒకే వరుస. చాలామంది ప్రతి అంతస్తుకీ కొత్త యాదృచ్ఛిక సంఖ్యలు వేసి వేరే సమస్యను సాధించి వస్తారు. అలాగే గుంజలు పెట్టాక కాలం దిశ, పొర దిశ ఒకేలా సాగవు, అందుకని ఘనాలకు బదులు కాలం దిశలో పొడవు మార్చి మార్చి చూడాల్సి వస్తుంది. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం.

ముందు గజిబిజి లేకుండా 2.20 తెచ్చుకుని ఆ గ్రాఫు నాకు పంపు. అక్షాల పేర్లు, ప్రతి బిందువుకీ ఎన్ని మాంటీ కార్లో అడుగులు నడిపావో, లోపం గీతలు తప్పకుండా ఉండాలి.